గురుమా, మీకు తెలుగులోనే చెబుతున్నాను

నిన్న ప్లస్ టూ ఫలితాలొచ్చాయి. ఫస్ట్ క్లాసులో పాసయ్యాను. ఫోన్ చేసిన చుట్టాలందరూ మెచ్చుకున్నారు. పదో తరగతి పరీక్షలే రాయకుండా ఆగిపోవాల్సినదాన్నని వాళ్లలో చాలామందికి తెలీదు. బాగా తెలిసిన మనిషి మా బడిలో ఒడియా చెప్పిన పంతులమ్మ, మా గురుమా.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. అమ్మ పుట్టిల్లు ఉద్దానం, కవిటి దగ్గర. ఆ వైపు ఎన్నో ఇళ్లను పట్టిన కిడ్నీ జబ్బే అమ్మనూ పట్టుకుంది. రెండేళ్లు డయాలసిస్ చేయించుకుని, నేను పదిలో ఉండగా దసరా వెళ్లిన వారానికి పోయింది. దినాలు కాగానే నాన్న సూరత్ మగ్గాల పనికి వెళ్లిపోయాడు. అప్పులున్నాయి మరి. నేనూ తమ్ముడూ పిన్ని ఇంట్లో ఉండిపోయాం.

బడికి వెళ్లేదాన్ని, పలికేదాన్ని కాదు. హాజరు పిలిచినా గొంతు లేచేది కాదు. పొగరనుకుని ఒకాయన బయట నిలబెట్టారు కూడా. గురుమా మాత్రం ఏమీ అడగలేదు. అన్నాలయ్యాక లైబ్రరీ బీరువా సర్దడానికి సాయం రమ్మన్నారు. రోజూ అరగంట, ఇద్దరం పుస్తకాల దుమ్ము దులిపేవాళ్లం. అలా ఎనిమిది రోజులు. తొమ్మిదో రోజు ఏడుపు ఆగలేదు. ఒడియాలో చెప్పబోతే మాట రాలేదు. "తెలుగులోనే చెప్పు. నాకు అర్థం కానిచోట అడుగుతాను" అన్నారు. నిజంగానే అడిగారు. "బెంగ" అంటే ఏమిటని అడిగితే, చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. ఆవిడ తొందరపెట్టలేదు.

మా ఊళ్లోనే రాజావారి బడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవర గిరిజన పిల్లల కోసం తానే వాళ్ల సవర భాష నేర్చుకున్నారని చిన్నప్పటి నుంచీ వింటున్నాను. అలాంటి పంతులమ్మను ఆ మధ్యాహ్నం ఎదురుగా చూశాను.

చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడిగారు. అవునన్నాను. కంగారుపడలేదు, తిట్టలేదు. "ఈ ఒక్క మాట నా దగ్గరే దాచలేను, నాన్నకు చెప్పాలి. నీ ముందే చెబుతాను" అన్నారు. అప్పుడు కోపం వచ్చింది, నమ్మి చెబితే బయటపెడతారా అని. ఆవిడ చేసిందే సరైన పని. నా ముందే ఫోన్ చేశారు. మూడో రోజుకి నాన్న ఇంట్లో ఉన్నాడు. రాత్రిళ్లు భయమేస్తే చేయమని మనసు బాగోలేనివాళ్లకు ఫోన్‌లో సాయం చేసే ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416 నా లెక్కల నోటు పుస్తకం అట్ట లోపల రాశారు. డబ్బు పడదు, ఏ వేళకైనా ఎత్తుతారు, తెలుగులోనూ మాట్లాడతారు. రెండుసార్లు చేశాను. తర్వాత బరంపురం పెద్దాసుపత్రిలో మనసు డాక్టరుకి చూపించడానికి నాన్నతో పాటు ఆవిడా వచ్చారు, సెలవు పెట్టుకుని. మందులు కొన్నాళ్లు వాడాను. పరీక్షలు రాశాను.

గురుమా, ఆదివారం నాన్న, నేను, తమ్ముడు మీ ఇంటికి వస్తున్నాం. కవిటి నుంచి అమ్మమ్మ కూడా అరిసెలు పట్టుకుని వస్తోంది. మీతో తనే మాట్లాడాలట, మమ్మల్ని మధ్యలో చెప్పొద్దంది. ఒడియా ఒక్క ముక్క రాదు తనకి. అర్థం కానిచోట అడగండి.