అమ్మమ్మ సంగటి ముద్ద

చిత్తూరు

ప్రియ మిత్రమా,

నీ చెల్లెలిని ఆక్యుపేషనల్ థెరపీ కోర్సులో చేర్పించాలని ఉందనీ, అయితే ఫిజియోథెరపీ ఉండగా ఇంకా ఇది దేనికో అర్థం కావడం లేదనీ రాశావు. అందులో నీ తప్పేమీ లేదు. మా మేనమామ అయితే, పేరులో 'ఆక్యుపేషన్' ఉంది కాబట్టి నేను జనానికి ఉద్యోగాలు ఇప్పించే చదువేదో చదివానని ఈనాటికీ నమ్ముతున్నాడు. నిజానికిది జబ్బుతోనో గాయంతోనో చెయ్యీకాలూ సాగనివాళ్లు తమ రోజువారీ పనులు తామే చేసుకునేలా చూసే చదువు.

బైపీసీ తర్వాత తమిళనాడులోని కళాశాలలో చేరేనాటికి నాకూ పెద్దగా ఏమీ తెలియదు. మా బ్యాచ్‌కు నాలుగేళ్ల చదువు, ఆపైన ఆరు నెలల ఇంటర్న్‌షిప్. అనాటమీ, ఫిజియాలజీ అందరికీ ఉన్నవే. అసలు చదువు చొక్కా గుండీ దగ్గర మొదలైంది. గుండీ పెట్టుకోవడానికి ఏ వేళ్లు కలవాలో, కన్ను చేతికి ఎలా దారి చూపాలో, నడుము ఎంతసేపు నిలబడాలో విడదీసి రాయించాక, మా చెయ్యి ఒకటి ఒంటికి కట్టేసి చొక్కా వేసుకోమన్నారు. వేసుకునేటప్పుడు బలహీనమైన చెయ్యి ముందు, విప్పేటప్పుడు చివర అన్న సూత్రం ఆ రోజు ఒంటపట్టింది. చేతిని కదలకుండా సరైన తీరులో నిలిపే స్ప్లింట్ల సంగతి అడగవద్దు. సుమారు 70 డిగ్రీల వేడినీటిలో మెత్తబడే ప్లాస్టిక్ రేకుతో నేను చేసిన మొదటిది స్నేహితుడి మణికట్టు ఎముకను ఒత్తి, ఎర్రటి గుర్తు మిగిల్చింది.

కానీ నాకు నిజంగా పాఠం చెప్పింది మా అమ్మమ్మ. పక్షవాతంతో కుడిచెయ్యి బలహీనపడినప్పుడు, పుస్తకంలో ఉన్నట్టే లావు పిడి చెంచా తయారుచేసి గర్వంగా చేతిలో పెట్టాను. ఆమె దాన్ని పక్కకు నెట్టి, "నేనేమన్నా ఆస్పత్రిలో ఉండానా నాయనా, సంగటి చెంచాతో తినేదానికి?" అంది. ఎడమచేత్తో తినే మాట ఎత్తనే వద్దంది. మన దేశంలో ఈ చదువును 1950లో ముంబయిలో ప్రారంభించిన కమలా నింబ్‌కర్ అమెరికాలో పుట్టి ఇక్కడి కోడలైన మనిషి. మా పాఠ్యపుస్తకాలు మాత్రం ఇంకా చెంచాతోనే తింటున్నాయి. చివరికి బల్ల ఎత్తు పెంచి, పళ్లెం జారకుండా కింద తడిగుడ్డ పరిచి, సంగటిని ఉసిరికాయంత ముద్దలు చేసి, పుల్లగూరను కాస్త గట్టిగా ఉంచి, ఎడమచేతిని కుడి మోచేతికి ఆసరాగా పెట్టించాను. మూడో వారానికి ముద్ద నోటిదాకా వెళ్లింది. చేతికి బలం తెచ్చే వ్యాయామాలు ఫిజియోథెరపిస్టు చేయించినవే. ఆ చేత్తో ఆమె తనకిష్టమైనట్టు తినేలా చూడడం నా పని. నీ ప్రశ్నకు నా దగ్గరున్న జవాబు ఇదే.

ఫీజు కట్టే ముందు కళాశాలకు గుర్తింపు ఉందో లేదో తప్పక చూడు. అనుబంధ ఆరోగ్య వృత్తుల కోసం 2021లో వచ్చిన జాతీయ చట్టం పరిధిలోకి ఈ వృత్తి కూడా చేరింది కాబట్టి, ఆ విషయంలో అశ్రద్ధ పనికిరాదు.

వచ్చే ఆదివారం చెల్లెలిని వెంటబెట్టుకుని తిరుపతి నుంచి ఇక్కడికి రా. నువ్వు మాత్రం గుండీలు ఎక్కువున్న చొక్కా వేసుకుని రా. ఒక చెయ్యి కట్టేసి, ఆమె ఎదుటే నీ చేత విప్పించి, మళ్లీ వేయిస్తాను.

నీ మిత్రుడు