టికునా మాస్కుల స్టాక్, ధర గురించి

దక్షిణ అమెరికాలోని టికునా ఆదివాసులు చెక్కే మాస్కులు మళ్లీ ఎప్పుడొస్తాయని అడుగుతున్న వాళ్లందరికీ కలిపి చెబుతున్నాను. కొత్త సరుకు ఇంకా రాలేదు. వచ్చాక ధర పెరుగుతుంది. కొలంబియా, బ్రెజిల్, పెరూ కలిసే చోట, అమెజాన్ నది ఒడ్డున టికునాల ఊళ్లు. అక్కడి నుంచి కొలంబియాలోని లెటీసియా పట్టణానికి పడవే దిక్కు, లెటీసియా నుంచి రాజధాని బొగోటాకు రోడ్డు లేదు, విమానమే. ఆపైన చెక్క సరుకు కాబట్టి పురుగు పట్టకుండా ట్రీట్‌మెంట్, సర్టిఫికెట్ ఖర్చులు. ఇవన్నీ పెరిగాయని చెక్కినవాళ్ల దగ్గర బేరమాడి తగ్గించుకోవడం నా వల్ల కాదు.

ఇంకో విషయం. "వేడుకలో నిజంగా వాడిన పాతవి ఇప్పించండి, ఎంతైనా ఇస్తాం" అని కొందరు అడుగుతున్నారు. ఎంతిచ్చినా తేను. టికునాల్లో ఆడపిల్ల పెద్దమనిషి అయితే కొన్నాళ్లు విడిగా ఉంచి, తర్వాత అందరినీ పిలిచి పెలాసోన్ అనే వేడుక చేస్తారు. సమర్త వేడుకలు ఎరిగిన మనకు ఇది అర్థం కానిదేం కాదు. ఒళ్లంతా కప్పే బెరడు బట్ట, మొహానికి మాస్కు వేసుకుని అడవి శక్తులు, జంతువుల రూపంలో వచ్చి ఆడతారు. ఒక పిల్ల కోసం కట్టిన ఆ వేషాన్ని మన హాల్లో గోడకు తగిలించడానికి నేను అమ్మను. బ్రెజిల్ వెళ్లేవాళ్లుంటే బెంజమిన్ కాన్‌స్టాంట్ అనే పట్టణంలో టికునాల మగూటా మ్యూజియం ఉంది, 1991లో తెరిచారు. అక్కడ చూడండి. మకా చిలుక ఈకలు గుచ్చినవి కూడా తేను, వన్యప్రాణి చట్టాలు ఒప్పుకోవు.

నేను తెచ్చేవి అమ్మకానికని చెక్కినవే. అలాగని పనితనంలో తక్కువేం కాదు. బాల్సా చెక్క ఎంత మెత్తనిదంటే గోరు నొక్కితే గుంట పడుతుంది. అంత మెత్తటి చెక్కలో పళ్ల వరస ఒక్కటీ విరగకుండా తీస్తారు. వెనక్కి తిప్పితే కత్తి గాట్లు కనిపిస్తాయి. నలుపు రంగు ఉయితో అనే పచ్చికాయ రసం. పూసినప్పుడు నీళ్లలా ఉంటుంది, గాలి తగిలాక గంటల్లో నల్లబడుతుంది. ఎరుపు జాఫ్రా గింజలది, మన మన్యంలో పండేదే. అంచుకు కుట్టే బట్ట చెట్టు బెరడును కర్రతో కొట్టి, కడిగి, ఆరబెట్టి చేసింది. అందుకే ఏ రెండూ ఒకేలా ఉండవు. అచ్చం ఫోటోలో ఉన్నట్టే కావాలనుకుంటే దయచేసి ఆర్డర్ పెట్టకండి. ఎండ పడే గోడకు మాత్రం తగిలించకండి, ఎరుపు వెలిసిపోతుంది. తడిబట్టతో తుడవొద్దు, మెత్తటి బ్రష్ చాలు.

అడ్వాన్స్ కట్టినవాళ్లకు పాత ధరకే ఇస్తాను, తేడా నేను భరిస్తాను. ఆగలేమంటే మెసేజ్ పెట్టండి, మొత్తం డబ్బు వాపసు చేస్తాను.