బీరు కంపెనీ ముసలాయన సంగతి

ఒరేయ్ మామా,

ఎలా ఉన్నావ్, పరీక్ష పేపర్లు దిద్దడం అయిందా? మొన్న అమెరికాలో కొలరాడో రాష్ట్రంలోని డెన్వర్ పక్కన గోల్డెన్ అనే ఊరికి వెళ్లాం రా. ఊరి మధ్యలోంచి క్లియర్ క్రీక్ అని ఒక ఏరు పారుతుంది, దాని ఒడ్డునే కూర్స్ బీరు ఫ్యాక్టరీ. దాన్ని పెట్టిన అడాల్ఫ్ కూర్స్ కథ అప్పట్నుంచీ నా బుర్రలో తిరుగుతూనే ఉంది, నీకు కాకపోతే ఇంకెవరికి చెప్పను?

1847లో జర్మనీలో పుట్టాడు. చిన్నప్పుడే బీరు తయారీలో పనికి కుదిరాడు, పదిహేనేళ్లకే తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. 1868లో టికెట్ కొనకుండా, దొంగతనంగా ఓడెక్కి అమెరికాలో దిగాడు. చికాగో దగ్గర ఒక బ్రూవరీలో, అంటే బీరు ఫ్యాక్టరీలో, ఫోర్‌మన్‌గా చేసి, తర్వాత డెన్వర్ చేరి, 1873లో జేకబ్ ష్యూలర్ అనే ఆయనతో కలిసి గోల్డెన్‌లో ఒక పాత తోళ్ల కార్ఖానాని బ్రూవరీగా మార్చాడు. పెట్టుబడి 20 వేల డాలర్లయితే అందులో ఇతనివి రెండు వేలే. ఏడేళ్లలో ష్యూలర్ వాటా కూడా కొనేశాడు. ఇంతవరకూ బాగుపడిన వలస జీవితాలన్నీ ఇలాగే ఉంటాయనుకో.

నాకు నచ్చింది ఆ తర్వాతి భాగం. 1916 జనవరి 1 నుంచి కొలరాడోలో మద్యం నిషేధం. దేశమంతా రాకముందే అక్కడ వచ్చేసింది. అప్పటికి ఆయనకి 68 ఏళ్లు. తయారై ఉన్న బీరు 17,391 గ్యాలన్లు, అంటే దాదాపు 66 వేల లీటర్లు, తీసుకెళ్లి ఆ ఏట్లోనే పారబోయించాడు. మన దగ్గర 1995లో ఎన్టీఆర్ పెట్టిన నిషేధం రెండేళ్లకి ఎత్తేశారు కదా, అక్కడ పదిహేడేళ్లు నడిచింది రా! పుట్టిన దగ్గర్నుంచీ ఒకే విద్య నేర్చుకున్న మనిషికి, ఆ విద్యే నేరమైపోతే ఎలా ఉంటుందో ఆలోచించు.

ఆయన మాత్రం గేటుకి తాళం వెయ్యలేదు. బీరుకి కావలసిన మొదటి పని బార్లీ గింజల్ని నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టడం, దాన్నే మాల్ట్ అంటారు. ఆ పని తెలిసినవాళ్లు, సామానూ అన్నీ చేతిలోనే ఉన్నాయి కాబట్టి ఆ మాల్ట్‌కి పాలు కలిపి మాల్టెడ్ మిల్క్ పొడి చేశారు. మన హార్లిక్స్ అదే కదా! మిఠాయిలు చేసే మార్స్ కంపెనీ కూడా వాళ్ల దగ్గర కొనేదట. ఆల్కహాల్ దాదాపు లేని బీరు కూడా ఒకటి చేశారు.

ఇంకోటి పింగాణీ. 1910లోనే జాన్ హెరాల్డ్ అనే పింగాణీ పనివాడు కూర్స్‌కి చెందిన పాత గాజు ఫ్యాక్టరీలో పని మొదలుపెట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధంతో జర్మనీ నుంచి వచ్చే ల్యాబ్ సామాను ఆగిపోయింది, ల్యాబ్‌లో బాగా వేడి చెయ్యడానికి వాడే పింగాణీ గిన్నెలు, అదే క్రూసిబుల్స్‌కి, అమెరికాలో కరువొచ్చింది, వీళ్లు చెయ్యడం మొదలుపెట్టారు. ఇది ముందుచూపా, అదృష్టమా అంటే రెండూ అంటాను. కానీ అదృష్టం వచ్చేసరికి బట్టీ వెలుగుతూ ఉండాలి కదా, అది ఆయన చేసిన పనే.

బాధేమిటంటే, నిషేధం పోవడం ఆయన చూడలేదు. 1929 జూన్‌లో వర్జీనియా బీచ్‌లో ఒక హోటల్ కిటికీలోంచి పడి చనిపోయాడు, 82 ఏళ్లు. ఇంకో నాలుగేళ్లు ఆగితే 1933లో కొడుకులు మళ్లీ బీరు తియ్యడం కళ్లారా చూసేవాడు. నాకు ఇది నిజంగా మనసులో గుచ్చుకుంది రా.

అన్నట్టు, మీ కాలేజీ ల్యాబ్ బీరువాలో పాత క్రూసిబుల్స్ ఉంటే ఒకసారి తిప్పి చూడు. కూర్స్ అని ముద్ర కనిపిస్తే వెంటనే ఫోటో పంపు. అమ్మకి నమస్కారాలు చెప్పు, పిల్లల ఫోటోలు కూడా పంపరా.