ప్లేస్కూల్ చూడ్డానికి పదకొండింటికి వెళ్లండి

తల్లిదండ్రులకు నమస్కారం.

సంక్రాంతి సెలవులు అయిపోయాయి. పొద్దున్నే పేపరు విప్పితే మధ్యలోంచి ప్లేస్కూళ్ల పాంప్లెట్లు జారిపడే రోజులు వచ్చేశాయి. మన బడి ఒకటో తరగతి నుంచే కాబట్టి, "మా చిన్నదాన్ని ఎక్కడ వెయ్యమంటారు మేడం?" అని గేటు దగ్గర అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. నిలబడి చెబితే సగం మర్చిపోతున్నాను. అందుకే ఈ నెల ఉత్తరం దీని మీదే.

ముందు నా తప్పు చెప్పుకుంటాను. మా పెద్దమ్మాయిని మూడేళ్లప్పుడు ఊరవతల ఒక బడిలో వేశాను. ఏసీ గది, గోడల నిండా బొమ్మలు, ఎర్రటి జారుడుబల్ల. టీచర్నై ఉండి నేనూ వాటికే పడిపోయాను. రోజూ వ్యాను దిగీ దిగగానే అది చెప్పులైనా విప్పకుండా బాత్రూంలోకి పరిగెత్తేది. నీళ్ల బాటిల్ నిండుగా తిరిగొచ్చేది. ఒలకబోయకుండా బుద్ధిగా తెస్తోందని మురిసిపోయాను! రెండు వారాలకు గానీ అసలు సంగతి తెలియలేదు. అక్కడి బాత్రూం తలుపు దానికి తెరుచుకోదు, ఆయాను అడగాలంటే భయం. అందుకని నీళ్లు తాగడమే మానేసింది.

అందుకే ఎవరడిగినా ముందు బాత్రూం చూడమంటాను. కొళాయి పిల్ల చేతికి అందుతుందా? నేల జారుతోందా? బట్టలు తడుపుకుంటే ఎవరు మారుస్తారు? ఆ మనిషిని పిల్లలు ఏమని పిలుస్తున్నారో కూడా వినండి.

సాయంత్రం వెళ్తే ఖాళీ గదులూ ఫీజుల కాగితమూ చూపిస్తారు. తొమ్మిదింటికైతే ఎక్కడైనా ఏడుపులే. పదకొండింటికి వెళ్లి, ఓ అరగంట వెనక కూర్చుంటామని అడగండి. టీచర్ నేల మీద కూర్చుందా, కుర్చీలోనా? ఏడ్చే పిల్లను ఎవరు ఎత్తుకున్నారు? "నీళ్లు కావాలి" అని తెలుగులో అడిగితే ఇస్తున్నారా, ఇంగ్లీషులో అడిగేదాకా ఆపుతున్నారా? గదంతా నిశ్శబ్దంగా ఉంటే మాత్రం మెచ్చుకోకండి. ఇరవైమంది మూడేళ్ల పిల్లలు చప్పుడు లేకుండా కూర్చున్నారంటే నాకైతే టెన్షనే.

బోర్డు మీద "మాంటిస్సోరి" అన్న పేరు చూసి మోసపోవద్దు. పిల్లలు వస్తువుల్ని చేత్తో పట్టుకుని నేర్చుకునే పద్ధతిని తెచ్చిన ఇటలీ ఆవిడ మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు వచ్చి అడయారులో టీచర్లకు శిక్షణ ఇచ్చారు. ఆవిడ పేరు ఇప్పుడు ఎవరైనా బోర్డు మీద రాసుకోవచ్చు, అడిగేవాళ్లు లేరు. టీచర్ ఆ శిక్షణ ఎక్కడ తీసుకున్నారో మీరు అడగండి. ఆ పద్ధతిలో వాడే చెక్క సామాను పిల్లల చేతికి అందేలా ఉందో, బీరువాలో తాళం కింద ఉందో చూడండి.

"ఎల్‌కేజీలోనే వంద దాకా రాయించేస్తారు" అని గొప్పగా చెప్పే చోట్లున్నాయి. అలా వచ్చిన ఒక బాబును మొన్న జూన్‌లో ఏడు చింతగింజలు లెక్కపెట్టి ఇవ్వమన్నాను. గుప్పెడు తీసి నా చేతిలో పోశాడు. రాత వచ్చింది, ఏడంటే ఎంతో రాలేదు. మూడేళ్లకు మణికట్టు ఎముకలే ఇంకా పూర్తిగా గట్టిపడవు, పెన్సిల్‌కు తొందరేముంది? మన పెద్దవాళ్లు అక్షరాభ్యాసం చేయించింది కూడా బియ్యంలో, వేలితోనే కదా. 2020 జాతీయ విద్యా విధానం కూడా 3 నుంచి 8 ఏళ్ల దాకా, అంటే రెండో తరగతి అయ్యేవరకు, ఒకే దశగా చూడమంటోంది. పోనీ ఒకటో తరగతి ప్రవేశ పరీక్ష కోసమా అంటే, మా దగ్గర అలాంటిది లేదు. పెట్టకూడదని 2009 విద్యా హక్కు చట్టం 13వ సెక్షన్ చెబుతోంది.

చాలామంది లెక్కలోకే తీసుకోనిది వీధి చివర అంగన్‌వాడీ. 1975 అక్టోబరు 2న మొదలైన పథకం అది. ఆటపాటలు, వేడి అన్నం, గుడ్డు, ఫీజు లేదు. అన్నీ ఒకేలా ఉండవు, ఇరుకు గదుల్లో నడిచేవీ ఉన్నాయి. కానీ నడిచి వెళ్లే దూరంలో పిల్లలంటే ఇష్టమున్న టీచర్ దొరికితే, నలభై నిమిషాల వ్యాను ప్రయాణం కంటే నేను దానికే ఓటేస్తాను. పరువు తక్కువ అనుకుని చూడకుండా వదిలేయకండి.

ఫిబ్రవరి మొదటి శనివారం సాయంత్రం నాలుగింటికి, ఇంట్లో చిన్నపిల్లలున్నవాళ్లు బడికి రండి. దాచిపెట్టిన పాంప్లెట్లు కూడా తెచ్చుకుంటే కలిసి చూద్దాం. పిల్లల్ని ఇంట్లో వదిలి రానక్కర్లేదు, ఒకటో తరగతి గదిలో వాళ్లకు ఆటసామాను పెట్టిస్తాను.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు