క్రిబ్ కొత్తది, చొక్కాలు పాతవి

అమ్మలూ,

నువ్వు పంపిన పాత క్రిబ్, అదే పసిపిల్లల కటకటాల మంచం, ఫోటో చూశాను. నలభై డాలర్లే, చెక్క గట్టిగా ఉంది అన్నావు. వద్దు తల్లీ. ఫోటోలో ఎడమపక్క కటకటాలు కిందికి జారేలా ఉన్నాయి చూడు, అలాంటివి తయారు చెయ్యడం, అమ్మడం 2011 జూన్ నుంచి అమెరికాలో నిషేధం. ఆ పక్క సరిగ్గా పట్టు లేక ఊడితే పరుపుకీ కటకటాలకీ మధ్య సందు పడుతుంది. పసివాళ్లు అందులో ఇరుక్కుని ఎంతోమంది పోయారు. అమ్మేవాళ్లు మోసగాళ్లని కాదు, వాళ్ల పిల్లలు అందులోనే పెరిగుంటారు, ఆ తర్వాత గరాజ్‌లో పడుంది. నీకోసం శనివారం దాకా ఆపుతామన్నారు కాబట్టి వద్దని ఈ రోజే మెసేజ్ పెట్టెయ్.

బిడ్డను కూర్చోబెట్టే కారు సీటు కూడా యార్డ్ సేల్‌లో, అదే ఇళ్లముందు బల్లలేసి పాత సామాన్లు అమ్మేచోట, కొనకు. దాని అడుగున ఎక్స్‌పైరీ తేదీ ఉంటుంది. తేదీ దాటకపోయినా, ఆ సీటు ఉన్న కారు ఎక్కడైనా గుద్దుకుందో లేదో మనకెవరు చెప్తారు? ఏటవాలుగా ఉండి ఊగే పడకలు చూసి ముచ్చటపడకు. ఫిషర్ ప్రైస్ వాళ్ల రాక్ అండ్ ప్లే దాదాపు 47 లక్షలు 2019లో రీకాల్ అయ్యాయి, అంటే కంపెనీయే వెనక్కి పిలిచింది. 2022లో చట్టమే తెచ్చి ఆ రకం పడకల్నీ, క్రిబ్ చుట్టూ కట్టే మెత్తటి బంపర్లనీ కలిపి నిషేధించారు. అయినా ఇళ్లముందు బల్లల మీదికి వస్తూనే ఉంటాయి. నీకు సందేహం వస్తే మోడల్ నంబరు ఫోన్‌లో కొట్టి, వస్తువుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ సీపీఎస్‌సీ వాళ్ల రీకాల్ లిస్టులో చూసుకుని అప్పుడు పర్సు తియ్యి.

క్రిబ్, కారు సీటు మేం కొంటాం. అది పుట్టింటి లెక్క, మీ ఆయన్ని మొహమాటపడొద్దను.

ఇక బట్టలు. వీటికి మాత్రం శనివారం యార్డ్ సేల్‌కి వెళ్లు, కొత్తవి కొన్నావంటే నాకు కోపం వస్తుంది. మనలో పుట్టిన బిడ్డకు ముందు పాత బట్టలే కదా వేసేది. నువ్వు పుట్టినప్పుడు అమ్మమ్మ తాతయ్య మల్లు పంచెలు చింపి పొత్తిగుడ్డలు చేసింది. కొత్త గుడ్డ గరుకు పసి ఒంటికి పడదు, ఉతికి ఉతికి మెత్తబడ్డదే హాయి. ఆ లెక్కన వన్సీ, అదే కాళ్ల మధ్య బటన్లు పెట్టే పసిపిల్లల చొక్కా, యాభై సెంట్లకు దొరికితే దానికంటే శాస్త్రోక్తమైనది ఏముంటుంది! ‘ఎవరివో వాడినవి’ అని మీ అత్తగారు అంటారేమోనని నీ భయం. వేడినీళ్లలో రెండుసార్లు ఉతికి, మడతపెట్టి, అప్పుడు చూపించు.

వన్సీ చేతిలోకి తీసుకోగానే కింది స్నాప్ బటన్లు మూడూ పెట్టి చూడు, ఒకటి వదులైనా వదిలెయ్. మెడ దగ్గర లాగి వదిలితే తిరిగి దగ్గరకు రావాలి. గడ్డం కింద వచ్చే భాగాన్ని వెలుతురుకు పట్టి చూడు, పాల మరక అట్టపెట్టెలో ఏళ్ల తరబడి ఉండి పసుపు తేలితే ఇక పోదు. 0-3 నెలల సైజువి ట్యాగులతో సహా దొరుకుతుంటాయి, తొడిగే లోపే పిల్లలు పెరిగిపోతారు మరి. వాటి పక్కనే అట్టల పుస్తకాలుంటాయి, అవీ తెచ్చుకో. బొమ్మ తీసుకుంటే ముందు బ్యాటరీ వేసి చూడాలి, అందుకని సంచిలో రెండు బ్యాటరీలు పడేసుకుని వెళ్లు. పెయింట్ వేసిన పాతకాలపు చెక్కబొమ్మ ఎంత అందంగా ఉన్నా వద్దు, 1978కి ముందు రంగుల్లో సీసం ఉండేది.

డాలరు, అయిదు డాలర్ల నోట్లు పట్టుకెళ్లు. ఇరవై నోటు చూపించి బేరమాడితే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. ఒక్కో చొక్కాకి బేరమాడకు, కుప్ప చేసి ‘ఇవన్నీ కలిపి ఎంతకిస్తారు’ అని అడుగు. మంచివి పొద్దున ఎనిమిదికే పోతాయి, మధ్యాహ్నానికి వెళ్తే మిగిలినవి సగానికే వస్తాయి. ఏడో నెలలో ఉన్నావు, సగానికి వచ్చే వేళకే వెళ్లు.

మీ నాన్న సంగతి వేరు. న్యూయార్క్‌లో ఎవరో 2007లో మూడు డాలర్లకు కొన్న గిన్నె, వెయ్యేళ్ల నాటి చైనా గిన్నెట, 2013లో సోథబీస్ వేలంలో 22 లక్షల డాలర్లకు పైగా పలికిందని చదివారు. అప్పట్నుంచీ ఎక్కడ పింగాణీ కనబడినా బోర్లించి చూస్తున్నారు. మా అల్మరా నిండింది, లక్షలు మాత్రం రాలేదు.

నేను జూన్ ఆఖరుకి వస్తాను, ఆయన ఆగస్టుకి వస్తారు. ఆ నెల మొదటి గురువారం నుంచి ఆదివారం దాకా 127 హైవే యార్డ్ సేల్ ఉందని ఇప్పటికే లెక్కలు వేసుకున్నారు. మిషిగన్ అడిసన్ నుంచి అలబామా గాడ్స్‌డెన్ దాకా 690 మైళ్లట. ఇంటర్‌స్టేట్ మీద పోయేవాళ్లను చిన్న ఊళ్లవైపు తిప్పడానికి 1987లో టెనెసీలో మొదలుపెట్టారు. మీ సిన్సినాటి నుంచి నది దాటితే వచ్చే కోవింగ్టన్ ఆ దారిలోదే. దోసెలకు పాత ఇనప పెనం ఒకటి తెమ్మన్నాను. తుప్పు పట్టినా ఫర్లేదు, గీకి నూనె రాసి కాలిస్తే పోతుంది. బల్ల మీద పెడితే ఊగకూడదు, పగులు ఉండకూడదు. గాలాలకు కట్టే సీసం గుళ్లు కరగబోసిన పెనాలూ అమ్ముతారు కాబట్టి, దేంట్లో వాడారని అడిగే కొనాలి. అల్లుడుగారిని తోడు వెళ్లమను. డబ్బు ఆయన దగ్గరే ఉంచమను, మామగారు ఎంత అడిగినా సరే.

ప్రేమతో,
అమ్మ