కవలలిద్దరికీ కలిపి ఒక్క కాగితమా?

సంపాదకుడు గారికి నమస్కారం.

పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం వైపు తెలుగువాళ్లం పిల్లల్ని ఎక్కువగా పాతపట్నం, టెక్కలి, శ్రీకాకుళం వైపే ఇస్తుంటాం. తొలికాన్పు పుట్టింట్లోనే కాబట్టి బిడ్డ పుట్టేది ఒడిశాలో, పెరిగేది ఆంధ్రాలో. జనన నమోదు మాత్రం ఎక్కడ పుడితే అక్కడే చేయించాలి. ఒక్క బిడ్డయితే ఎలాగో నెట్టుకొచ్చేస్తాం. కవలలు పుట్టారంటే మాత్రం ఆసుపత్రి గేటు దాటకముందే తిప్పలు మొదలవుతాయి, ఈ ఉత్తరం దాని గురించే.

మా మేనకోడలికి ఈమధ్య ఇటువైపే ఒక ఆసుపత్రిలో ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు. ఇంటికి పంపేటప్పుడు డిశ్చార్జి కాగితం ఒక్కటే ఇచ్చారు. 'ట్విన్స్, ఫిమేల్' అని ఒక ముక్క, బరువు గడిలో 1.7, 2.2 అని పక్కపక్కనే రెండు అంకెలు. ముందు పుట్టింది ఎవరు, ఏ టైముకి, ఎస్‌ఎన్‌సీయూ (పసికందుల ప్రత్యేక చికిత్స వార్డు)లో ఉంచింది ఎవరిని, ఒక్కటీ లేదు. ఇంట్లోవాళ్లు బరువు చూసి 'పెద్దది', 'చిన్నది' అని పిలిచేసుకుంటున్నారు. నిజానికి ఆ 'చిన్నదే' ముందు పుట్టిందేమో ఎవరికెరుక!

టీకాల కార్డు కూడా ఇద్దరికీ కలిపి ఒక్కటే. బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్ బి, మూడింటికీ టిక్కులున్నాయి. నెలన్నర టీకాలకి అత్తారి ఊళ్లో తీసుకెళ్తే అక్కడి ఏఎన్ఎం కార్డు అటూ ఇటూ తిప్పి "ఈ టిక్కులు ఏ పాపవమ్మా?" అని అడిగింది. మా పిల్ల నీళ్లు నమిలింది. ఆవిడ పిల్లలిద్దరినీ కిటికీ దగ్గరికి తెచ్చి ఎడమ జబ్బలు చూసింది. ఒకదానికి బీసీజీ పొక్కు ఉంది, రెండోదానికి లేదు. అలాగని రెండోదానికి వెయ్యలేదని గట్టిగా చెప్పడానికీ లేదు, కొందరికి మచ్చే పడదు. హెపటైటిస్ బి మొదటి డోసయితే పుట్టిన 24 గంటల్లోపు వెయ్యాలి, దానికి మచ్చా ఉండదు, మరి ఏం చూసి తెలుసుకోవాలి? ఎస్‌ఎన్‌సీయూలో ఉన్న పిల్లకి టీకా వాయిదా వేసి ఉంటారు, తల్లి పక్కన ఉన్నదానికి వేసి ఉంటారు, ఇదంతా మన ఊహ, కాగితం మాత్రం ఏమీ చెప్పదు.

నాకు ఇంత చిరాకు ఎందుకంటే, నేను చేసేది మెడికల్ కోడింగ్ ఉద్యోగం. అమెరికా ఆసుపత్రుల రికార్డులు చదివి కోడ్లు వేస్తాను, ఇంట్లో కూర్చునే. అక్కడ కవలల కాన్పంటే మూడు రికార్డులు: తల్లిది ఒకటి, పిల్లలవి రెండు. తల్లి రికార్డులో కవల గర్భానికి O30 కింద కోడు, ఇద్దరూ సజీవంగా పుడితే జడ్ 37.2. పిల్లల రికార్డుల్లో ఎవరికి వాళ్లకి జడ్ 38 కోడు. కడుపులో ఒక్క బిడ్డే ఎదగకపోతే, అది ఒకటో బిడ్డా రెండో బిడ్డా అని కోడు ఏడో స్థానంలో అంకె వెయ్యాలి. డాక్టరు అది రాయకపోతే నేను ఊహించి వేయకూడదు, క్వెరీ పెట్టి ఆయన చేతే చెప్పించుకోవాలి. ఆ ఏడో స్థానం అమెరికా వాళ్లు కలుపుకున్నదే గానీ, మొత్తం వాళ్ల సొంత తెలివి కాదు. ఈ కోడ్లకి మూలమైన జబ్బుల వర్గీకరణ ఐసీడీ-10 ప్రపంచ ఆరోగ్య సంస్థది, మన దేశమూ వాడేదే. సముద్రం అవతల పిల్లల్లో ఎవరు ఎవరో ఇక్కడ కూర్చుని తేలుస్తున్నాను, మా మేనకోడలి పిల్లల సంగతి మాత్రం తేల్చలేకపోతున్నాను.

నేను సిస్టర్లని అనడం లేదు. రాత్రి డ్యూటీలో ఒక్కావిడే కాన్పు చూడాలి, రిజిస్టరు రాయాలి, కేస్ షీటూ రాయాలి. పైగా మాకిచ్చిన ఫారంలో రెండో బిడ్డకి అసలు గడే లేదు, పాపం ఎక్కడ రాస్తుంది? కానీ జనన నమోదుకి వాడే ఫారం 1 చూడండి: ఒకే కాన్పులో ఒకరికంటే ఎక్కువ మంది పుడితే ఒక్కో బిడ్డకి వేరే ఫారం నింపి, రిమార్కుల్లో కవలలని రాయాలని దాని మీదే సూచన ఉంటుంది. అది చదివేవాళ్లు లేరు. ఇద్దరిలో ఒక బిడ్డ ఏడ్చి గంటకే పోతే ఇంకా ఘోరం. ఊపిరి తీసిన బిడ్డకి జననమూ రాయాలి, మరణమూ రాయాలి. చనిపోయి పుట్టిన బిడ్డకి ఫారం 3 వేరే ఉంది. పని తగ్గుతుందని 'చనిపోయి పుట్టింది' అని రాసేస్తే ఆ తల్లి మళ్లీ గర్భవతి అయినప్పుడు చూసే డాక్టరుకి తప్పుడు చరిత్ర చేరుతుంది.

2023 అక్టోబరు 1 తర్వాత పుట్టినవాళ్లకి బడిలో చేరడం దగ్గర్నుంచి ఓటు దాకా పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రమే ఆధారం. అయిదేళ్లలోపు ఆధార్‌కి వేలిముద్రలూ తీసుకోరు. అమ్మానాన్నలు ఒకరే, తేదీ ఒకటే, ఇద్దరూ ఆడపిల్లలే అయినప్పుడు ఎవరెవరో తేల్చేది కాగితమే. తప్పు పడితే దిద్దించుకోవచ్చు, జనన మరణాల నమోదు చట్టంలో 15వ సెక్షన్ ఉంది, అసలు రాత చెరపకుండా మార్జిన్‌లో రాసి రిజిస్ట్రారు సంతకం పెడతాడు. కానీ ఆ రిజిస్ట్రారు ఒడిశాలో, పిల్లలు ఆంధ్రాలో, రుజువు తెమ్మంటే మన దగ్గర ఉన్నది మళ్లీ ఆ 'ట్విన్స్, ఫిమేల్' కాగితమే.

సరిహద్దుకి ఇటూ అటూ ఉన్న జిల్లాల వైద్యాధికారులు చేయాల్సింది పెద్ద ఖర్చుతో కూడిన పనేమీ కాదు. పుట్టిన నిమిషం నుంచి ఒక్కో బిడ్డకి వేరే కేస్ షీటు, వేరే టీకా కార్డు, వేరే డిశ్చార్జి కాగితం ఇవ్వాలి. కవల 1, కవల 2 అని చేతి ట్యాగు మీద ఏది ఉంటే ఈ కాగితాలన్నిటి మీదా అదే ఉండాలి, పుట్టిన టైము, బరువు సహా. మీరు కూడా ఒక సాయం చేయండి: ఫారం 1లోని ఆ సూచనని మీ జిల్లా పేజీలో ఒకసారి అచ్చు వేయండి. పేపరు కటింగు చూపిస్తే కౌంటర్లో కాస్త వింటారు.

ఇట్లు
మీ పాఠకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా