లాంగ్వేజ్‌ని నడిపేవాళ్లని ఎవరు అడగాలి?

సంపాదకులకు నమస్కారం,

ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్‌ల గురించి పత్రికల్లో ఏం రాసినా చివరికి "ఏది నేర్చుకుంటే ఉద్యోగం వస్తుంది" అన్న దగ్గరే ఆగిపోతుంది. తప్పని అనను, ఎవరి అవసరం వాళ్లది. కానీ ఆ లాంగ్వేజ్‌ని ఎవరు నడుపుతున్నారు, వాళ్లలో వాళ్లకి గొడవొస్తే ఎవరు తీరుస్తారు, దాన్ని వాడుకుని కోట్లు గడించే కంపెనీలు తిరిగి ఏమిస్తున్నాయి అని మాత్రం ఎవరూ అడగరు. ఇరవయ్యేళ్ల పాటు మన బతుకుతెరువు దాని మీదే ఆధారపడబోతుంటే ముందు అడగాల్సింది అదే కదా?

రూబీ అనే లాంగ్వేజ్ వాడేవాళ్లలో ఒక మాట ఉంది: మాట్జ్ మంచివాడు, కాబట్టి మనమూ మంచిగా ఉందాం. మాట్జ్ అంటే 1995లో రూబీని విడుదల చేసిన యుకిహిరో మత్సుమోతో. వినడానికి హాయిగా ఉంటుంది, నిజంగానే ఆ మాట వల్ల ఎందరో కొత్తవాళ్లు భయం లేకుండా చేరారు కూడా. నా ఇబ్బందల్లా ఒకటే. ఒక మనిషి మంచితనాన్ని నమ్ముకుని పెద్ద సమూహం ఎంతకాలం నడుస్తుంది? ఆ మనిషి అలిసిపోతేనో?

పైథాన్ అనే ఇంకో లాంగ్వేజ్‌లో సరిగ్గా అదే జరిగింది. 1991లో బయటికొచ్చిన దగ్గర్నుంచి దాన్ని తయారుచేసిన గైడో వాన్ రాసమ్‌దే ఆఖరి మాట, ఆయనకి సరదాగా 'జీవితకాల నియంత' అని బిరుదు కూడా ఇచ్చారు (మంచి నియంత అనే అర్థంలోనే లెండి). 2018లో ':=' అనే చిన్న గుర్తుని లాంగ్వేజ్‌లోకి తేవాలా వద్దా అని వాదన మొదలై, అది ముదిరి, ఆయన చివరికి దాన్ని ఆమోదించి, ఆ వెంటనే జూలైలో ఇక నా వల్ల కాదని తప్పుకున్నాడు. వారసుడు ఫలానా అని చెప్పలేదు. ప్రజాస్వామ్యం పెట్టుకుంటారో, నియంతృత్వం పెట్టుకుంటారో మీ ఇష్టం అన్నాడు. అక్కడ చీలిపోయి ఉంటే ఎవరూ ఆశ్చర్యపోయేవారు కాదు. కానీ వాళ్లు రకరకాల పాలనా పద్ధతులు రాతపూర్వకంగా పెట్టుకుని, ఓటేసుకుని, ఐదుగురి కౌన్సిల్‌ని ఎన్నుకున్నారు. ఒకే కంపెనీ ఉద్యోగులు అందులో ఇద్దరికి మించి ఉండకూడదు. నమ్మకం పోతే మూడింట రెండొంతుల ఓట్లతో కౌన్సిల్‌ని దించేయొచ్చు. ':=' గుర్తు కన్నా ఈ రెండు లైన్లే ఆ లాంగ్వేజ్‌కి ఎక్కువ ఆయుష్షు పోశాయని నా లెక్క.

రస్ట్ అనే మరో లాంగ్వేజ్ కథ ఇంకాస్త చేదుగా ఉంటుంది. ప్రవర్తనా నియమావళికీ, కొత్తవాళ్లతో మర్యాదగా మాట్లాడే పద్ధతికీ పేరు పడ్డ సమూహం అది. అలాంటి చోట 2021 నవంబర్‌లో ఆ నియమావళిని అమలు చేయాల్సిన మోడరేషన్ బృందమే మొత్తంగా రాజీనామా చేసింది. వాళ్ల ఫిర్యాదు సూటిగా ఉంది: కోర్ టీమ్ (అంటే పైన ఉండి నడిపించే బృందం) తనకు తాను తప్ప ఎవరికీ జవాబు చెప్పడం లేదు, అలాంటప్పుడు నియమాలు వాళ్ల మీద అమలు చేసేదెలా అని. కింది వాళ్లకు మాత్రమే వర్తించే నియమావళి ఎందుకు? గుమ్మానికి తగిలించుకోవడానికా? 2023లో కోర్ టీమ్ స్థానంలో కొత్త నాయకత్వ మండలి వచ్చిందంటే ఆ రాజీనామాల వల్ల కొంతైనా కదలిక వచ్చినట్టే.

కోడ్ చాలు, మిగతాదంతా రాజకీయం అనేవాళ్లు నాకు బాగా తెలుసు, రోజూ వాళ్ల మధ్యే పనిచేస్తాను. వాళ్లకి ఒక సంగతి చెప్పాలి. ఒక అమ్మాయి డాక్యుమెంటేషన్‌లో (ఎలా వాడాలో చెప్పే రాతల్లో) ఒక ఉదాహరణ పనిచేయడం లేదని గమనించి, రెండు లైన్లు సరిచేసి పంపిస్తుంది. నెలల తరబడి ఉలుకూ పలుకూ ఉండదు. చివరికి వచ్చే జవాబు, "పాత చర్చలన్నీ చదువుకుని రండి." ఆమె మళ్లీ రాదు. ఆ తప్పు ఉదాహరణ మాత్రం అక్కడే ఉంటుంది. మర్యాద లేకపోతే పాడయ్యేది మనసు ఒక్కటే కాదు, కోడ్ కూడా.

అలాగని జవాబివ్వని మెయింటైనర్‌ని, అంటే ఆ కోడ్ బాగోగులు చూసే మనిషిని, తిట్టిపోయడమూ అన్యాయమే, ఎందుకంటే చాలాసార్లు అతను ఉద్యోగం చేసుకుని, ఇల్లు చూసుకుని, మిగిలిన రాత్రిపూట జీతం లేకుండా ఈ పని చేస్తుంటాడు. ఎక్స్‌జెడ్ అనేది లాంగ్వేజ్ కాదు, ఫైళ్లని కుదించే చిన్న సాఫ్ట్‌వేర్, కానీ ప్రపంచంలో ఎన్నో సర్వర్లలో ఉంటుంది. దాన్ని చూసుకునేది దాదాపు ఒక్కడే. తన మానసిక ఆరోగ్యం బాగాలేదని అతను చెప్పుకున్నా, త్వరగా చేయవేం అని కొందరు ఊపిరాడనివ్వలేదు. సాయం చేస్తానని వచ్చిన మనిషి రెండేళ్లకు పైగా నమ్మకం సంపాదించి పెత్తనం చేతికి తీసుకుని, 2024లో అందులో దొంగదారి పెట్టాడు. లాగిన్ అర సెకను ఆలస్యం అవుతోందేమిటి అని ఒక ఇంజినీర్‌కి అనుమానం వచ్చి తవ్వితే బయటపడింది. అలిసిపోయిన మనిషిని ఒంటరిగా వదిలేయడం సెక్యూరిటీ సమస్య కూడా అని ఇంతకన్నా ఎలా చెప్పాలి?

డబ్బు కావాలి, నిజమే, కానీ డబ్బుతో పాటు షరతులూ వస్తాయి. 2025లో పైథాన్ బాగోగులు చూసే పైథాన్ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్‌కి అమెరికా ప్రభుత్వ సైన్స్ సంస్థ నుంచి 15 లక్షల డాలర్ల గ్రాంట్ వచ్చే అవకాశం చేతిదాకా వచ్చింది, అదీ ప్యాకేజీల (ఒకరు రాసి పెడితే మిగతావాళ్లు తెచ్చుకుని వాడుకునే కోడ్) భద్రత కోసం. వైవిధ్యాన్ని, అందరినీ కలుపుకుపోవడాన్ని ప్రోత్సహించే కార్యక్రమాలు చేయబోమని ఒప్పుకోవాలన్న షరతు ఉండటంతో వాళ్లు వద్దనుకున్నారు. ఏడాది బడ్జెట్ సుమారు 50 లక్షల డాలర్లున్న సంస్థకి అది చిన్న మొత్తం కాదు. ఆ నిర్ణయం మూర్ఖత్వం అన్నవాళ్లూ ఉన్నారు. నాకైతే గౌరవం పెరిగింది. అయితే గ్రాంట్ వదులుకున్నంత మాత్రాన భద్రత పని ఆగదు, ఎవరో ఒకరు డబ్బు పెట్టాల్సిందే.

అందుకే ఐటీ కంపెనీలని అడుగుతున్నది ఇది. మీ ఉత్పత్తుల్లో వాడుతున్న ఓపెన్ సోర్స్ (ఎవరైనా చూసి, వాడుకుని, మార్చుకోగలిగే) ప్యాకేజీల జాబితా ఎలాగూ మీ దగ్గర ఉంటుంది. అందులో ఒక్కరిద్దరి మీదే నడుస్తున్నవి ఏవో గుర్తించి, వాటికోసం మీ ఉద్యోగుల పనిగంటల్లో కొన్నిటిని కేటాయించండి, శని ఆదివారాలు కాదు. అలా పంపినవాళ్లు అక్కడ మీ కంపెనీ తరఫున పెత్తనం చేయకుండా చూసుకోండి.

ఇట్లు,
కోడ్ రాసుకుని బతికే ఒక పాఠకుడు